సాలెపురుగులను వేటాడే కందిరీగలు

కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో దీవిలో పెప్సిస్ ప్రజాతికి చెందిన కందిరీగలు ఉన్నాయి. ఇవి పెద్ద సాలెపురుగులను వేటాడతాయి. ఈ ప్రజాతి కందిరీగల దేహం మెరిసే ముదురు నీలం. కొన్నింటి రెక్కలు తుప్పు రంగులో ఉంటాయి. అయితే రంగును మాత్రమే నమ్మరాదు. కుట్టే కీటకాలు పలు జాతులవైనా ఒకే విధమైన హెచ్చరిక రంగులను ధరించడం ప్రకృతిలో సాధారణం. కనుక దేహనిర్మాణాన్ని పరిశీలించాలి.

వీటి కుటుంబానికి పాంపిలిడే అని పేరు. ఈ కుటుంబ లక్షణాలలో ముఖ్యమైనవి మూడు. మొదటిది, ముళ్ళతో కూడిన పొడవైన వెనుక కాళ్ళు. రెండవది, విశ్రాంతివేళ రెక్కలను నిలువునా మడవకపోవడం. కాగితం వంటి గూళ్ళు కట్టే కందిరీగలు మడుస్తాయి. మూడవది ప్రధానమైనది: ఉరోభాగపు పార్శ్వంలో అడ్డంగా సాగే తిన్నని గాడి. దీనిని చూడటానికి భూతద్దం అవసరం.

ఆడ, మగ భేదాన్ని తలపై ఉండే స్పర్శశృంగాలు తెలుపుతాయి. ఆడదాని శృంగానికి 12 ఖండాలు, మగదానికి 13. పెప్సిస్ ఆడకందిరీగ శృంగాలు సాధారణంగా చుట్టుకొని ఉంటాయి. కుట్టగలిగేది ఆడదే. కావున ఈ భేదాన్ని ఎరుగుట పరిశీలకుని క్షేమానికి కూడా అవసరం.

గుర్తించే నేర్పు కందిరీగకూ ఉంది. ఈ దీవిలోని పెప్సిస్ మార్జినేటా జాతిని అధ్యయనం చేసిన అలెగ్జాండర్ పెట్రుంకెవిచ్ 1952లో ఆ విశేషాన్ని వివరించారు. ఆడకందిరీగ తన శృంగాలతో సాలెపురుగును తడిమి చూస్తుంది. తనకు తగిన జాతి కాకుంటే విడిచిపోతుంది. తగినదైతే కుట్టి, స్తంభింపజేసి, గోతిలో ఉంచి, దానిపై ఒకే గుడ్డు పెట్టి పూడుస్తుంది. పుట్టబోయే డింభకానికి అదే ఆహారం. తల్లి చేసిన పరిశీలనపైనే బిడ్డ బ్రతుకు ఆధారపడి ఉంది.