మిరప కల్లం – కాలేయ కణం

పిల్లలూ! మిరప కోతల కాలంలో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల కల్లాలు ఎర్రగా మెరుస్తుంటాయి గదా! మబ్బు పట్టగానే రైతు పరుగున వచ్చి పట్టాలు కప్పుతాడు. ఎందుకు? తడిసిన కాయకు బూజు పడుతుంది. అయితే నష్టం ధరతో ఆగదు.

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో ఈ విషమున్న వేరుశనగ పిండి తిని లక్ష టర్కీ కోళ్ళు చనిపోయాయి. అప్పుడే ఇది బయటపడింది.

కాలేయానికి దీనితో ఏమిటి ముప్పు? మన కణాల్లో కబురు మోసే ప్రొటీన్లుంటాయి. కణంలోని డి.ఎన్.ఏ. దెబ్బతింటే పి53 అనే ప్రొటీను మేల్కొంటుంది. అది పి21 అనే మరో ప్రొటీనును పుట్టిస్తుంది. పి21 కణ విభజనను ఆపుతుంది. ఈలోగా మరమ్మతు జరుగుతుంది. బండికి బ్రేకు వంటిదన్నమాట!

కాలేయంలో రూపు మారిన అఫ్లటాక్సిన్ డి.ఎన్.ఏ.కు అంటుకుంటుంది. ఒక్కొక్కప్పుడు పి53 జన్యువులోనే ఒక అక్షరం మారిపోతుంది. అప్పుడు ఆ ప్రొటీనులో 249వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు సెరీన్ చేరుతుంది. కాలేయ కాన్సర్ గడ్డల్లో ఈ మార్పును 1991లో గుర్తించారు. బ్రేకు చెడిన కణం ఆగక విభజన చెందుతూ పోవచ్చు. హెపటైటిస్-బి కూడా ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. దానికి టీకా ఉంది.

వండినంత మాత్రాన ఈ విషం పోదు. కాబట్టి కాయలను నేలమీద కాక పట్టాలపై, గలగలలాడేదాకా ఎండబెట్టాలి. బూజు పట్టిన వాటిని ఏరి పారవేయాలి. తక్కువ ధరకు వస్తున్నాయని వాటిని కారం పట్టించవద్దని ఈరోజే ఇంట్లో చెప్పండి.