వెదురు కొమ్ములు: కోతకాలము, పోషకసారము

పోటీ పరీక్షలకు కృషిచేయు అభ్యర్థులు వెదురును బొంగులో చికెన్ మూలముననే యెక్కువగా నెరిగియుందురు గాని, గోదావరి మన్యమున కొండరెడ్లు, వానకారున నేలను చీల్చుకొనివచ్చు లేత కొమ్మును కోసి, పొరలొలిచి, సన్నగా తరిగి, ఉడికించి, ఆ నీటిని పారబోసి కూర వండుకొను విధానము శాస్త్రదృష్టితో పరిశీలింపదగినది.

లేతకొమ్మున సుమారు 90 శాతము నీరే. కొవ్వు అత్యల్పము, పొటాషియము సమృద్ధము. తలయెత్తిన వారము పదిదినములలో, రమారమి 30 సెంటీమీటర్ల యెత్తునకు కోయుట మేలు. జాప్యమైన కొలదిని మాంసకృత్తులు, విటమిన్లు క్షీణించి, సెల్యులోజు, లిగ్నిన్ పేరుకొని, పీచు హెచ్చి, కొమ్ము కఱ్ఱబారును.

అభ్యర్థి విస్మరింపరాని పదార్థము టాక్సిఫిల్లిన్: కొమ్మును తరిగినపుడు ఈ గ్లైకోసైడు ఎంజైములచే విచ్ఛిన్నమై విషమయమగు హైడ్రోజన్ సయనైడును వెలువరించును, కొనభాగమున నిది మిక్కుటము. అయినను వేడికి నిలువదు; కావున మన్యపు గృహిణి యుడికించి నీరు వంచుట కేవలాచారము గాదు, అనుభవసిద్ధమైన రసాయనజ్ఞానము.

ఇక వర్గీకరణ, చట్టముల విషయమునకు వచ్చిన, వెదురు గడ్డిజాతికి, పోయేసీ కుటుంబమునకు చెందినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము దీనిని చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో జేర్చగా, 1927 నాటి భారత అటవీ చట్టమందలి వృక్షనిర్వచనమునుండి 2017 సవరణ దీనిని తొలగించెను.