దూరపు బేరానికీ లెక్క ఉంది

దివ్య ఖుర్‌ఆన్‌లోని 106వ సూరా పేరు ఖురైష్. నాలుగే నాలుగు ఆయతులు. మక్తబ్‌లో మన పిల్లలు తొలుత కంఠస్థం చేసే సూరాలలో ఇదొకటి. నమాజులో ఎన్నోసార్లు పఠిస్తాం. కాని అందులోని ప్రస్తావన వర్తకం గురించేనని మనలో ఎంతమంది గమనించారు? మక్కా ఖురైషీయుల బిడారులు చలికాలంలో యమన్ వైపు, వేసవిలో సిరియా వైపు సాగేవి. పంటలు పండని ఆ లోయలో ప్రజలకు అన్నం దొరికింది ఆ ప్రయాణాల వల్లనే. ఆ అనుగ్రహాన్ని అల్లాహ్ వారికి గుర్తు చేసి, కనుక ఈ గృహానికి ప్రభువైన వానినే ఆరాధించాలని ఆదేశించాడు. ఆకలి తీర్చినవాడు, భయం పోగొట్టినవాడు ఆయనే.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. దేశాల మధ్య సాగే వర్తకం దానంతట అది చెడ్డది కాదు, అది దైవానుగ్రహం. రెండవది, ఆ అనుగ్రహానికి ఒక హక్కు ఉంది. వర్తకుడు లాభంలో మునిగి తన ప్రభువును మరచిపోరాదు. నేడు ప్రపంచీకరణ అనే మాట వినగానే కొందరు అదంతా అగ్రరాజ్యాల మాయ అని తోసిపుచ్చుతారు. మరికొందరు లాభం వస్తే చాలు, హలాల్ హరామ్ చర్చ మస్జిదులోనే ఉండనివ్వండి అంటారు. ఈ రెండు వైఖరులూ సూరా ఖురైష్ బోధనకు దూరమైనవే.

సూరా అద్ దహర్ (76:17)లో స్వర్గవాసులకు ఇవ్వబడే పానీయంలో జంజబీల్, అంటే శొంఠి, కలిసి ఉంటుందని ఉంది. ఈ పదం మన దేశపు ప్రాచీన భాషల నుంచి బయలుదేరి అరబ్బీలోకి చేరిందని భాషావేత్తలు చెబుతారు. సరుకుతో పాటు మాట కూడా సముద్రం దాటిందన్నమాట. శొంఠి అల్లం నుంచి వస్తుంది. అల్లం కుటుంబానికే చెందినది పసుపు. ధర్పల్లి మొదలుకొని ఆర్మూరు, బాల్కొండ దాకా మన నిజామాబాద్ జిల్లా రైతులకు తరతరాలుగా తెలిసిన పంట అది. కాబట్టి అంతర్జాతీయ వర్తకపు ధర్మాధర్మాలను ఆ పసుపు బస్తా వెంట నడుస్తూనే తెలుసుకుందాం.

చేను నుంచి ఓడ దాకా

తొలకరి వానలకు విత్తిన పసుపును సంక్రాంతి సమయం నుంచి తవ్వి తీస్తారు. ఉడకబెట్టి, కళ్లంలో రోజుల తరబడి ఎండబెట్టి, పాలిష్ పట్టి, బస్తాలకెత్తి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెస్తారు. అక్కడ అడ్తిదారు, ఖరీదుదారు, హమాలీ. ఆ తరువాత గోదాము, పొడి మిల్లు, ఎగుమతిదారు, ఓడ. ప్రపంచంలో పండే పసుపులో 70 శాతానికి పైగా మన దేశానిదే. 2023-24లో 1.62 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు 22.65 కోట్ల డాలర్ల విలువకు విదేశాలకు వెళ్ళాయి. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమయింది.

పూర్వం వారపు సంతలో అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చునేవారు. ఈ వారం మోసం జరిగితే వచ్చే వారం నిలదీసేవారు. ఇప్పుడు ధర్పల్లి రైతు ఢాకాలో వంట చేసే ఇల్లాలిని చూడడు. ఆమె ఈ రైతును ఎరుగదు. ఇద్దరి మధ్య పది చేతులున్నాయి. ముఖం కనబడని చోట సిగ్గు సన్నగిల్లుతుంది, షైతాను పని సులువవుతుంది. అయితే దూరం మనుషుల కంటికే అడ్డు. ఆవగింజంత కర్మ అయినా, అది బండరాతిలో దాగి ఉన్నా, ఆకాశాలలో ఉన్నా అల్లాహ్ దానిని వెలికి తీస్తాడని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి హితవు చెప్పిన సంగతి ఖుర్‌ఆన్ (31:16)లో ఉంది. ఈ వ్యాసం సారాంశమంతా ఇదే. దూరం పెరిగితే బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.

సంతకు చేరకముందే

మహాప్రవక్త (స) కాలంలో కొందరు వర్తకులు మదీనాకు సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురు వెళ్ళేవారు. పట్టణంలో ధర ఎంత ఉన్నదో తెలియని పల్లెవాసుల దగ్గర చవకగా కొనేసేవారు. దైవప్రవక్త (స) దీనిని వారించారు. ఒకవేళ ఎవరైనా అలా కొంటే, సరుకు యజమాని సంతకు వచ్చి అసలు ధర తెలుసుకున్న తరువాత ఆ బేరాన్ని రద్దు చేసుకునే అధికారం అతనికి ఉంటుందని సహీహ్ ముస్లిం ఉల్లేఖనంలో ఉంది. ధర దాచి మోసం చేసినా, పట్టణ ప్రజలకు నష్టం కలిగించినా ఇలాంటి కొనుగోలు మక్రూహ్ అని హనఫీ ఫుఖహా వివరించారు.

ఈ ఆదేశం లోతును గమనించండి. కొన్నవాడు కత్తి చూపలేదు, తూకంలో కోత పెట్టలేదు. తనకు తెలిసిన ధర ఎదుటివానికి తెలియకపోవడాన్ని వాడుకున్నాడు, అంతే. దానినే షరీఅత్ అన్యాయంగా లెక్కించింది. నేటి అంతర్జాతీయ వర్తకంలో ఎక్కువ అన్యాయం ఈ రూపంలోనే జరుగుతున్నది. విదేశీ గిరాకీ ఎంత, ఎగుమతి ధర ఎంత అన్నది పెద్ద కొనుగోలుదారుకు సెల్‌ఫోనులో తెలుస్తుంది. కళ్లంలో నిలబడ్డ చిన్న రైతుకు దళారి చెప్పిందే ధర.

ఇది ఊహించి చెప్పే బాధ కాదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలన్నదే వారి మొర. క్వింటాలు పసుపుకు 15 వేల రూపాయలు అడిగారు. ఐదేళ్ళ తరువాత, 2024 మార్చిలో, అదే యార్డులో ధర 18 వేలు దాటింది. ధరలు పెరగడం, తరగడం అల్లాహ్ చేతిలోనిదని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అయితే ధర తెలియకుండా దాచడం మాత్రం మనిషి చేతి పని. 2016 ఏప్రిల్ 14న దేశంలో 21 మార్కెట్లతో ఈనామ్ విధానం మొదలయినప్పుడు నిజామాబాద్ యార్డు కూడా వాటిలో ఉంది. దూరపు వ్యాపారి సైతం కంప్యూటరులో ధర వేయగల ఏర్పాటు అది. ధర నలుగురికీ తెలిసేలా చేసే ఏ ఏర్పాటు అయినా ఈ హదీసు ఆశయానికి అనుకూలమైనదే.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) సంఘటన ఇక్కడ చెప్పుకోదగినది. ఆయన సేవకుడు ఆయన కోసం ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం చేశాడు. గుర్రాన్ని చూసిన హజ్రత్ జరీర్ (రజి) దీని విలువ ఇంకా ఎక్కువ అంటూ తానే ధర పెంచుతూ పోయి చివరకు 800 దిర్హములు చెల్లించారు. ప్రతి ముస్లిము మేలు కోరతానని దైవప్రవక్త (స) చేతిలో చేయి వేసి ప్రమాణం చేశానని కారణం చెప్పారు. కొనేవాడు సైతం న్యాయం చేయవలసినవాడేనని ఆయన ఆచరణ మనకు నేర్పుతున్నది.

రంగు వెనుక విషం

ఒకసారి దైవప్రవక్త (స) సంతలో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. అయితే ఆ తడి ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. పసుపు బస్తాలో పైన మంచి కొమ్ములు, అడుగున పచ్చివి, పుచ్చులు నింపేవారు ఈ హదీసును తమ గురించే చెప్పినట్లు భావించాలి.

తడిసిన పంటను దాచబోయి పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో కొందరు ఎంత ఘోరానికి ఒడిగట్టారో చూడండి. 1980లలో వరదలకు తడిసి రంగు తగ్గిన పసుపుకు మెరుపు తేవడానికి లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చని రసాయనం పూయడం మొదలుపెట్టారు. అందులో సీసం ఉంటుంది. సీసం గర్భంలోని శిశువులకు, చిన్నపిల్లల మెదడుకు హాని చేస్తుంది. 2019లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ సంగతిని బయటపెట్టారు. ఆ ఏడాది బజారులో తీసిన నమూనాలలో 47 శాతంలో సీసం కనిపించింది. ప్రభుత్వం పరీక్షలు జరిపి, జరిమానాలు వేసి, ప్రజలను హెచ్చరించిన తరువాత 2021 నాటికి అది సున్నాకు చేరింది. గట్టిగా పూనుకుంటే కీడును ఆపగలమనడానికి ఇది నిదర్శనం. కాని గమనించవలసినది ఇంకొకటి ఉంది. ఆ రంగు పూసిన చేతులలో ప్రతి రోజు వుజూ చేసుకునే చేతులు కూడా ఉండి ఉండవా? నమాజు మనిషిని చెడు నుంచి ఆపాలని ఖుర్‌ఆన్ (29:45) చెబుతుండగా, మన నమాజు దుకాణం గడప దగ్గరే ఎందుకు ఆగిపోతున్నదో ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

చేతిలో లేని సరుకు, చేతిలో ఉన్న అప్పు

తన దగ్గర లేని వస్తువును అమ్మవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు ఉపదేశించారు. నేడు పసుపుపై ఫ్యూచర్స్ వ్యాపారం జరుగుతున్నది. దానిలో పాల్గొనేవారిలో అనేకులు ఒక్క కొమ్ము కూడా తీసుకోరు, ఇవ్వరు. ధరల తేడా మీద డబ్బు చేతులు మారుతుంది. సరుకు, ధర రెండూ వాయిదా వేసుకుని సాగే ఇలాంటి ఒప్పందాలు ధర్మసమ్మతం కాదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1992లో జెద్దా సమావేశంలో తీర్మానించింది.

అలాగని రైతుకు ముందుగా పైకం అందే దారిని షరీఅత్ మూసివేయలేదు. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడివారు ఖర్జూరాల కోసం ఏడాది, రెండేళ్ళ ముందే డబ్బు ఇచ్చేవారు. తూకం, కొలత, గడువు ముందే తేల్చుకోవాలన్న నియమంతో ఆయన దానిని అనుమతించారు. దీనినే సలమ్ అంటారు. పూర్తి డబ్బు ఒప్పంద సమయంలోనే ఇచ్చివేయాలి. వడ్డీకి అప్పు ఇచ్చి, పంట మాత్రం నాకే, నేను చెప్పిన ధరకే అమ్మాలి అని కట్టిపడేయడం సలమ్ కాదు. అందులో వడ్డీ పాపం ఒకటి, అప్పును అమ్మకంతో ముడిపెట్టిన పాపం మరొకటి.

బలవంతుడు, బలహీనుడు

పసుపు గాయాలను మాన్పుతుందని మన ఇళ్ళలో అవ్వలకు కూడా తెలుసు. అయినా 1995లో అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి దానిపై పేటెంటు లభించింది. మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ పాత గ్రంథాలను, వ్యాసాలను సాక్ష్యంగా చూపి పోరాడగా 1997లో అది రద్దయింది. పేటెంటులో పరిశోధకులుగా ఉన్నవారు భారత సంతతివారే. అన్యాయం ఎప్పుడూ పరాయివాడే చేస్తాడనుకోవడం పొరపాటు.

దేశాల మధ్య సుంకాల విషయంలో హజ్రత్ ఉమర్ (రజి) పాలన మనకు ఆదర్శం. పరాయి రాజ్యాలలో మన వర్తకుల నుంచి పదోవంతు తీసుకుంటున్నారని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) వ్రాసినప్పుడు, వారు ఎంత తీసుకుంటే మీరూ అంతే తీసుకోండని జవాబిచ్చారు. అదే ఉమర్ (రజి) మదీనాకు గోధుమలు, నూనె ఎక్కువగా రావాలని వాటిపై సుంకాన్ని ఇరవయ్యో వంతుకు తగ్గించారు. అంటే రాజ్యాల మధ్య సమానత్వం, ప్రజల ఆహారం విషయంలో దయ. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు అనేక సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఇలాంటి సుంకాల పోరులో నలిగేది చిన్న ఉత్పత్తిదారులు, కూలీలేనని పాలకులు గ్రహించాలి.

మనిషి శ్రమ సరుకైనప్పుడు

మన జిల్లా నుంచి విదేశాలకు వెళ్ళేది పసుపు ఒక్కటే కాదు, మనుషులు కూడా. బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఊళ్ళో పని దొరకనివారు గల్ఫ్ దారి పడుతూనే ఉన్నారు. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి ఇవ్వాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. పూర్తి పని చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయ దినాన తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ ఉల్లేఖనంలో ఉంది. జీతం ఎగ్గొట్టే కఫీల్‌కు ఈ హెచ్చరిక ఎంత వర్తిస్తుందో, ఆజాద్ వీసా అంటూ లక్షలు వసూలు చేసి, అక్కడ లేని పనిని ఉన్నట్లు చెప్పే మన ఊరి ఏజెంటుకు మోసం గురించిన హదీసు అంతే వర్తిస్తుంది. వీసా అమ్ముకుని డబ్బు తీసుకోవడం ధర్మసమ్మతం కాదని సౌదీ ఉలమాలు కూడా ఫత్వాలు ఇచ్చారు. అటువంటి సొమ్ముతో హజ్ చేసినా మజ్లూముని బాకీ తీరదు.

మనం చేయవలసినవి

సోదర సోదరీమణులారా! ప్రపంచ వాణిజ్యాన్ని మార్చడం మన చేతిలో లేకపోవచ్చు. మన చేతి మీదుగా పోయే సరుకు మాత్రం మన చేతిలోనే ఉంది.

రైతులు తడి, పుచ్చు ఉంటే బేరానికి ముందే చెప్పాలి. చెప్పి తక్కువకు అమ్మిన దానిలో శుభం (బర్కత్) ఉంటుంది.

వ్యాపారులు, అడ్తిదారులు ఆ నాటి యార్డు ధర రైతుకు చెప్పి, ఆ తరువాతే బేరమాడాలి. తరుగు, కడ్తా పేరుతో తీసే ప్రతి కిలోను సూరా ముతఫ్ఫిఫీన్ (83:1-3) ముందు పెట్టి చూసుకోవాలి.

గల్ఫ్‌కు పంపేవారు పని, జీతం, గంటలు వ్రాతపూర్వకంగా చూపాలి. వెళ్ళేవారు ఒప్పందం చదివించుకోకుండా సంతకం చేయరాదు.

ఇల్లాళ్ళు కళ్ళు చెదిరే రంగును చూసి పసుపు కొనకూడదు. మనం మెరుపు కోరినంత కాలం ఎవడో ఒకడు మెరుపు పూస్తూనే ఉంటాడు. వీలయితే కొమ్ములు కొని పొడి పట్టించుకోవాలి.

సత్యసంధుడు, నమ్మకస్తుడు అయిన వర్తకుడు ప్రవక్తలతో, సత్యవంతులతో, అమరగతులతో ఉంటాడని తిర్మిజీ హదీసులో శుభవార్త ఉంది. ఇంత గొప్ప స్థానం ఒక బస్తా నిజాయితీగా కుట్టడంతో మొదలవుతుంది. మన సంపాదనను హలాల్ చేయమని, మనం ఎన్నడూ చూడబోని మనుషుల హక్కులను కూడా కాపాడే దైవభీతిని మనకు ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.