అప్పగింతలు వచ్చా మీకు?

తణుకులో మా మేనకోడలి పెళ్ళి. అప్పగింతలు జరుగుతున్నాయి. పిల్ల చేతులు పాలల్లో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతున్నారు. మా చెల్లెలు కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. హైదరాబాదులో మా ఇంట్లో మా కుక్క లడ్డుకి తోడుగా ఉన్న పెట్ సిట్టర్. "అంకుల్, నిన్న రాత్రి నుంచి ఏమీ తినలేదు. గిన్నె ముందే కూర్చుంటున్నాడు, చొంగ కారుస్తున్నాడు. మూతి మాత్రం పెట్టడం లేదు."

ఆకలి ఉంది, అన్నం ఉంది, తినడు. ఇదేం జబ్బు? అర నిమిషం తర్వాత తట్టింది. గిన్నె కింద పెట్టాక నేను "తిను నాన్నా" అంటేనే తినాలని వాడికి పిల్లప్పుడే అలవాటు చేశాను. ఆరేళ్ళుగా రోజూ రెండుపూటలా అంటున్న మాట. ఆ అమ్మాయికి మాత్రం చెప్పలేదు. ఆమెది నాగ్‌పూర్. "ఖావో" అంది, "ఈట్" అంది, బతిమాలింది. వాడు కదల్లేదు. ఫోన్ స్పీకర్లో పెట్టమని చెప్పి, మండపం పక్కన నిలబడి, సన్నాయిని మించి "తిను నాన్నా!" అని అరిచాను. వియ్యాలవారి తరఫు పెద్దాయన ఒకరు ఉలిక్కిపడి నావైపు చూశారు. ఫోన్లో చప్పరింపులు వినిపించాయి.

ఆడపిల్లని అప్పగించడానికి మనకి ఒక తంతు ఉంది. పేరుపేరునా చేతుల్లో పెడతాం, "ఆకలేస్తే అడగదు, మీరే చూసుకోవాలి" అని గుణం కూడా చెబుతాం. కుక్కనో పిల్లినో అప్పగించేటప్పుడు తాళంచెవి చేతిలో పెట్టి, "అన్నీ ఫ్రిజ్‌లో ఉన్నాయమ్మా" అని ఆటో ఎక్కేస్తాం. ఆఫీసులో పని అప్పగించేటప్పుడూ చాలామందిమి ఇంతే. మనకి బాగా తెలిసిన సంగతే మన నోటినుంచి రాదు.

అందుకే మొదటి పని సంచులు సర్దడం కాదు. ప్రయాణానికి వారం ముందు, ఒక రోజంతా మిమ్మల్ని మీరు గమనించుకోండి. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పొద్దున లేవగానే వాడితో ఏమన్నారు? గొలుసు ఏ చేత్తో పట్టుకున్నారు? లిఫ్టులో ఎవరైనా ఎక్కితే వాణ్ణి మూలకి ఎలా జరిపారు? అన్నం ఏ గ్లాసుతో కొలిచారు? కుక్కకి తెలిసింది భాష కాదు, మీ నోట్లోంచి వచ్చే ఫలానా శబ్దం. మా ఇంట్లో నేను "పోదామా" అంటాను, మా ఆవిడ "షికారు" అంటుంది, అబ్బాయి ఈల వేస్తాడు. మూడూ రాయాలి. ఉండటానికి వచ్చేవారికి తెలుగు చదవడం రాకపోతే హిందీలోనో ఇంగ్లీషులోనో ఉచ్చారణ రాసి, ఒకసారి మీ గొంతుతో రికార్డు చేసి పంపండి. అయిదు నిమిషాల పని. నేను అది చేసి ఉంటే ఆ పెద్దాయన ప్రశాంతంగా అక్షింతలు వేసుకునేవారు.

రెండో పని కష్టం. మీ ముద్దుబిడ్డ లోపాలు చెప్పాలి.

పెళ్ళిచూపుల్లో మాట్లాడినట్టు మాట్లాడతాం మనం. "మావాడు బంగారమండీ, ఎవర్నీ ఏమీ అనడు." మరి తింటుండగా గిన్నె ముట్టుకుంటే గుర్రుమంటాడని, చెవి పట్టుకుంటే పళ్ళు చూపిస్తాడని, హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళ మీదికి ఉరుకుతాడని ఎవరు చెబుతారు? చెబితే రారేమోనని భయం. చెప్పకుండా రప్పిస్తే ఏమవుతుంది? తెలియక చెయ్యి పెట్టి కరిపించుకున్న ఆ పిల్లకి గాయం, మీకు జీవితాంతం గిల్టు. లోపం ముందే చెప్పినవాళ్ళ మీద ఎదుటివారికి నమ్మకం పెరుగుతుంది. ఇది కుక్కల విషయంలోనే కాదు, ఉద్యోగ ఇంటర్వ్యూలో కూడా నేను చూశాను. ఎంత చెప్పినా ఒక్కోసారి జరగవచ్చు కనుక ఒక పేజీలో ఇదీ రాయండి: కరిచినా, గోరు గీరుకుని రక్తం వచ్చినా, వెంటనే పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. కుక్కకి టీకా వేయించాం కదా అని ఊరుకోకూడదు. పసుపు, కారం, సున్నం పూయకూడదు. వాడి రేబిస్ టీకా కార్డు ఫొటో ఆ పేజీకే అంటించండి. ఈలోగా గడువు దాటిపోయి ఉంటే సిట్టర్‌ని వెతకడం ఆపి ముందు టీకా వేయించండి.

ఇక వంటిల్లు. వచ్చేవారికి మీ పెంపుడు ప్రాణి మీద ప్రేమ ఎక్కువైతేనే ప్రమాదం. "పాపం అడుగుతోంది" అని తమ పళ్ళెంలోది పెడతారు. కుక్కకి చాక్లెట్ విషం, ద్రాక్ష విషం. ఎండుద్రాక్ష కూడా అంతే, అంటే పాయసంలో, కేసరిలో వేసే కిస్‌మిస్. ఉల్లి, వెల్లుల్లి కుక్కకీ పిల్లికీ రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. మన కూరల్లో ఉల్లి లేనిది ఏది? "కూర కలిపిన అన్నం పెట్టవద్దు" అని ఒక్క వాక్యం రాస్తే సగం గొడవ వదిలిపోతుంది. చక్కెర లేని చూయింగ్‌గమ్‌లో వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కని గంటలోపే పడగొట్టగలదు, కాబట్టి సిట్టర్ హ్యాండ్‌బ్యాగ్ నేలమీద పెట్టకూడదని కూడా రాయండి. పిల్లి ఉన్న ఇంట్లో పారాసిటమాల్ అందుబాటులో ఉండకూడదు. మనకి జ్వరం తగ్గించే మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. లిల్లీ పూలగుత్తి బల్లమీద ఉంటే అదీ తీసేయండి.

ఒంట్లో బాగాలేదని కొత్తవారికి ఎలా తెలుస్తుంది? మన ఒళ్ళు కాలినట్టు తగిలే వేడి కుక్కకి మామూలు వేడి. దాని సాధారణ ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. కనుక నుదురు మీద చెయ్యి వేసి చెప్పే జ్వరం లెక్కలు పనికిరావు. వాడు ఆరోగ్యంగా ఉన్న రోజున పై పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు సిట్టర్‌కి చూపించండి. ఆ గులాబీ రంగు పాలిపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. చెవుల వెనకా, కాలి వేళ్ళ మధ్యా పిడుదులు ఎలా వెతకాలో చూపించండి. మన ఊళ్ళలో కుక్కలకి ఎక్కువగా వచ్చే జ్వరం వాటివల్లే. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్క ఉంటే ఎండాకాలంలో మధ్యాహ్నం నడక మానిపించండి. అది నోరు తెరిచి రొప్పడమే ఒంటిని చల్లబరుచుకునే దారి, ఆ ముక్కుతో ఆ దారి సగం మూసుకుపోయి ఉంటుంది.

డాక్టరు ఫోన్ నంబరు అందరూ రాస్తారు. రాత్రి పదింటికి తెరిచి ఉండే ఆసుపత్రి పేరు ఎవరూ రాయరు. ఇంకొకటి కూడా రాయరు: మీరు విమానంలో ఉండి ఫోన్ అందకపోతే నిర్ణయం ఎవరిది? "నేను దొరక్కపోతే మా తమ్ముణ్ణి అడగండి, అతనూ దొరక్కపోతే డాక్టరు చెప్పింది చేయండి, ఇంతవరకు ఖర్చు నాది" అని సంతకం పెట్టిన కాగితం ఒకటి డాక్టరుకి, ఒకటి సిట్టర్‌కి ఇవ్వండి. కొంత డబ్బు విడిగా కవరులో పెట్టండి. బాధ్యత ఇచ్చి అధికారం ఇవ్వకపోవడం మన ఇళ్ళలో పెద్దలకి బాగా అలవాటు. అప్పగింతల్లో అది చెల్లదు.

ఇంటి సంగతికొస్తే, మంజీరా నీళ్ళు ఏ రోజు వస్తాయి, మోటారు స్విచ్ ఏది, ఇన్వర్టర్ ఎందుకు కీచుమంటుంది, గ్యాస్ రెగ్యులేటర్ ఎటు తిప్పాలి, పనిమనిషి ఎన్నింటికి వస్తుంది. ఇవి మీకు చిన్నవి. కొత్తచోట చీకట్లో నిలబడ్డవారికి చిన్నవి కావు. వాచ్‌మన్‌కీ పక్కింటివారికీ సిట్టర్ ఫొటో చూపించి చెప్పండి, లేకపోతే మొదటి సాయంత్రమే గేటు దగ్గర పంచాయితీ అవుతుంది. ఇంట్లో కెమెరాలుంటే ఎక్కడెక్కడున్నాయో ముందే చెప్పడం మర్యాద. ఆమె పడుకునే గదిలో కెమెరా ఉంటే తీసేయండి, అందులో చర్చ లేదు. ఉతికిన దుప్పటి, ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ, వైఫై పాస్‌వర్డ్. మన ఇంటికి చుట్టం వస్తే ఇవి చేయమూ? కూలికి వచ్చింది కదా అని తక్కువ చేస్తే, ఆ తక్కువతనం మీరు లేనప్పుడు మీ కుక్కదాకా పాకవచ్చు.

తలుపు గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. కుక్కలు తప్పిపోయేది అడవుల్లో కాదు, కొరియర్ కుర్రాడికి తలుపు తీసిన క్షణంలో. అందులోనూ యజమాని కనిపించని రోజుల్లో కుక్క చూపంతా ఆ తలుపు మీదే ఉంటుంది. బెల్ మోగితే ముందు వాణ్ణి గదిలో పెట్టి గడియ వేయడం, తర్వాతే తలుపు తీయడం అని నియమం పెట్టండి, మీరూ వారం ముందునుంచే పాటించండి. మెడపట్టీకి ఫోన్ నంబరు ఉన్న బిళ్ళ కట్టండి. "మైక్రోచిప్ వేయించాం కదా" అంటారు కొందరు. ఆ బియ్యపుగింజంత చిప్ ఎక్కడుందో చూపించదు. దొరికినవాళ్ళు స్కానర్ ఉన్నచోటికి తీసుకెళ్తే నంబరు చూపిస్తుంది, అంతే.

ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి కదా అని నేరుగా ప్రయాణం రోజున తాళాలు ఇవ్వకండి. రెండు రిహార్సల్స్ కావాలి. మొదటిసారి మీరు ఇంట్లో ఉండగా ఆమె రావాలి, గిన్నె ఆమే పెట్టాలి, నడకకి ఆమే తీసుకెళ్ళాలి. మీరు నోరు మూసుకుని వెనక నడవాలి, ఇదే అన్నిటికన్నా కష్టం. రెండోసారి మీరు రెండు గంటలు బయటికి పోవాలి. తిరిగొచ్చాక ఆమెకి వచ్చిన సందేహాలే మీ నోటుపుస్తకంలో లేని పేజీలు. సంక్రాంతికి హైదరాబాదు సగం ఖాళీ అవుతుంది, అప్పుడు సిట్టర్లూ దొరకరు. భోగికి రెండు రోజుల ముందు వెతుక్కునేవారికి ఈ రిహార్సల్స్ కుదరవు. దీపావళికి వెళ్ళేవారు టపాకాయల రాత్రి ఏ గదిలో పడుకోబెట్టాలో, ఏ పాట పెట్టాలో కూడా చెప్పి వెళ్ళాలి.

పిల్లుల లెక్క వేరు. కుక్కకి మనిషి ముఖ్యం, పిల్లికి చోటు ముఖ్యం. కొత్తమనిషి రాగానే అల్మరా మీదో మంచం కిందో దూరి ఒక పూటంతా కనిపించకపోవచ్చు. అది దాక్కునే నాలుగు చోట్లూ రాసిస్తే సిట్టర్ కంగారుపడి కిటికీలోంచి వీధిలోకి చూడదు. చెయ్యి పెట్టి లాగవద్దని చెప్పండి. అయితే ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే, పస్తుంటే పిల్లి కాలేయం త్వరగా దెబ్బతింటుంది. చేపలకి ఇంకో బెడద: అవి ఆకలితో చచ్చేది తక్కువ, కొత్తవారు ప్రేమగా గుప్పెడు గుప్పెడు వేస్తే నీళ్ళు చెడి చచ్చేది ఎక్కువ. రోజుకొకటి చొప్పున పొట్లాలు కట్టి తేదీలు రాయండి. రామచిలుకకి ఎవర్ని పెట్టాలని ఒకాయన నన్ను అడిగారు. మన చిలకల్ని పంజరంలో పెంచడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కాబట్టి ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నాలుగు రోజులే కదా అని కుక్కని బాల్కనీలో కట్టేసి బకెట్టు నీళ్ళు పెట్టి పోయేవారికీ చెబుతున్నాను, 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో దానికీ చోటుంది.

బయలుదేరే రోజు కన్నీళ్ళ సీను వద్దు. మెడ కౌగిలించుకుని పదిసార్లు "వెళ్ళొస్తాను బంగారం" అంటే వాడికి అర్థమయ్యేది ఏదో ముంచుకొస్తోందనే. మీరు కట్టి విడిచిన పాత లుంగీ ఒకటి వాడి పడక మీద వేసి, రోజూ కూరగాయలకి వెళ్ళినట్టు వెళ్ళిపోండి. ఊళ్ళో దిగాక గంటకోసారి ఫోన్ చేయకండి. రాత్రి ఎనిమిదింటికి ఒక ఫొటో, రెండు మాటలు అని ముందే ఒప్పందం చేసుకోండి. వీడియో కాల్ మీ సరదాకి. మీ గొంతు విని మనిషి కనిపించక ఇల్లంతా వెతికే కుక్కలున్నాయి, మావాడు అందులో ఒకడు.

తణుకు తర్వాత ఇప్పటికి మూడుసార్లు ఊరెళ్ళాం. అదే నాగ్‌పూర్ అమ్మాయి వస్తోంది. లడ్డు ఇప్పుడు "ఖావో"కి కూడా తింటాడు. క్రితంసారి తిరిగొచ్చి నోటుపుస్తకం తెరిస్తే, నా రాత కింద ఆమె చేతిరాత ఉంది, హిందీలో: "సాయంత్రం నాలుగుంబావుకి బాల్కనీ తలుపు తీయాలి. ఎదురింటి పాప స్కూలు బస్సు వస్తుంది. ఆ పాప చెయ్యి ఊపేదాకా వాడు లోపలికి రాడు." ఆ వేళకి నేనెప్పుడూ ఆఫీసులో ఉంటాను.