ఒక్క ఫారం, ఐదుగురు యాత్రికులు: కొత్త డెవలపర్లకు పనికొచ్చే మాటలు

తిరుపతి చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ పనిలోకి దిగిన కుర్రవాళ్ల చేతికి మొదట వచ్చేది చాలాసార్లు బుకింగ్ ఫారమే. తిరుచానూరులో లాడ్జి నడిపే ఆసామి గదుల బుకింగ్ కావాలంటాడు. రేణిగుంట విమానాశ్రయం నుంచి కార్లు తిప్పే ట్రావెల్స్ వాళ్లు ప్యాకేజీ ఫారం అడుగుతారు. సత్రం చూసుకునే సంఘం వాళ్లు వచ్చిపోయే కుటుంబాల వివరాలు కంప్యూటర్లో ఉండాలంటారు. అందరూ చెప్పేది ఒకటే మాట: "చిన్న ఫారమే కదా, రెండు రోజుల్లో తేల్చెయ్."

పేరు, ఫోన్ నంబరు, తేదీ, సబ్మిట్ బటన్. పైకి అంతే. కానీ యాత్రకు జనం ఒంటరిగా వచ్చేది తక్కువ. భార్యాభర్తలు, పిల్లలు, అత్తమామలు, పక్కింటివాళ్లు కలిసి బయల్దేరతారు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఆన్‌లైన్‌లో తీసుకున్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. లాగిన్ ఒకటే, డబ్బు కట్టేది ఒక్కసారే, కానీ ఒక్కొక్కరి పేరు, వయసు, గుర్తింపు కార్డు నంబరు విడివిడిగా నింపాలి. తిరుచానూరు పద్మావతీ అమ్మవారి సన్నిధిలో శ్రావణమాసంలో జరిగే వరలక్ష్మీ వ్రతానికి టికెట్టు 1,000 రూపాయలు, ఒక టికెట్టు మీద ఇద్దరు గృహస్థులకు ప్రవేశం. డేటాబేస్ వైపు నుంచి చూస్తే ఇవన్నీ ఒకే బాపతు: పైన ఒక పేరెంట్ రికార్డు, దాని కింద కొన్ని చైల్డ్ రికార్డులు.

ఈ రకం ఫారం రాసేటప్పుడు ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. సబ్మిట్ నొక్కిన మనిషికి అది ఒకే పని. వెనక మనం ఆరు వరుసలు రాస్తామా, అరవై రాస్తామా అన్నది ఆయనకు అనవసరం. రాస్తే మొత్తం రాయాలి, లేదంటే ఒక్కటీ రాయకూడదు. మిగతా జాగ్రత్తలన్నీ ఈ మాటను నిలబెట్టుకోవడానికే.

కోడ్ కన్నా ముందు కౌంటర్

ల్యాప్‌టాప్ తెరవకముందు ఒక పూట లాడ్జి కౌంటర్ పక్కన కూర్చోండి. రిజిస్టర్‌లో ఏం రాస్తున్నారో, ఏం కొట్టేస్తున్నారో చూడండి. ఐదుగురికని బుక్ చేసి నలుగురే వస్తే ఏం చేస్తారు? పసిపిల్లలను లెక్కలో వేస్తారా? ఒకే కుటుంబానికి రెండు గదులిస్తే ఎవరు ఏ గదిలో ఉన్నారో రాస్తారా? ఒక్కరు మానుకుంటే డబ్బు వెనక్కిస్తారా? యజమానిని అడిగితే "అన్నీ మామూలే" అంటాడు. కౌంటర్ మీద పనిచేసే మనిషిని అడిగితే అసలు సంగతులు బయటపడతాయి.

ఆ జవాబులను బట్టి టేబుళ్లు వేసుకోండి. బుకింగులకు ఒకటి, యాత్రికులకు ఒకటి, గదులకు ఒకటి. యాత్రికుల టేబుల్లో ప్రతి వరుసలోనూ బుకింగ్ ఐడీ ఉండాలి, దానికి ఫారిన్ కీ ఉండాలి. "యాత్రికుడు 1 పేరు", "యాత్రికుడు 2 పేరు" అని బుకింగ్ టేబుల్లోనే ఆరు కాలమ్‌లు పెట్టారంటే ఏడో మనిషి రాగానే పని మొదటికొస్తుంది. అందరి పేర్లూ కామాలు పెట్టి ఒకే గడిలో కుక్కితే, రేపు యజమాని "అరవై దాటినవాళ్లు ఎంతమంది వచ్చారు?" అని అడిగినప్పుడు జవాబుండదు.

పేర్ల గడి దగ్గర మన ప్రాంతానికి తగ్గ జాగ్రత్త ఒకటి ఉంది. ఇక్కడికి తమిళనాడు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లలో చాలామందికి ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. మనవాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెట్టి రెండూ తప్పనిసరి అంటే జనం రెండో గడిలో చుక్క పెట్టి ముందుకు పోతారు. "గుర్తింపు కార్డులో ఉన్నట్టు పూర్తి పేరు" అని ఒక్క గడి చాలు.

అన్నీ, లేదా ఏదీ వద్దు

బుకింగ్ వరుస సేవ్ అయింది, ముగ్గురు యాత్రికులు సేవ్ అయ్యారు, నాలుగో మనిషి దగ్గర ఎర్రర్ వచ్చింది అనుకోండి. ట్రాన్సాక్షన్ లేకపోతే ఆ అరకొర బుకింగ్ అలాగే ఉండిపోతుంది. కుటుంబం మళ్లీ ప్రయత్నిస్తుంది, రెండో బుకింగ్ పడుతుంది. సాయంత్రానికి ఒకే కుటుంబం పేరు మీద రెండు గదులు ఖర్చు రాసి ఉంటాయి.

ఏ ఫ్రేమ్‌వర్క్ ఏం చేస్తుందో తెలుసుకుని పని మొదలుపెట్టండి. రూబీ ఆన్ రైల్స్‌లో నెస్టెడ్ ఆట్రిబ్యూట్స్ 2009లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి ఉన్నాయి. పేరెంట్‌ను సేవ్ చేస్తే చైల్డ్ రికార్డులూ అదే ట్రాన్సాక్షన్‌లో వెళ్తాయి. జాంగోలో ఇన్‌లైన్ ఫారంసెట్ ఉంది కానీ ట్రాన్సాక్షన్ దానంతటది రాదు. పేరెంట్ సేవ్, ఫారంసెట్ సేవ్ రెండింటినీ కలిపి అటామిక్ బ్లాకులో మీరే పెట్టాలి. లారావెల్‌లోనూ అంతే, డీబీ ట్రాన్సాక్షన్ మీరే చుట్టాలి.

పాత పీహెచ్‌పీ సైటును బాగుచేసే పని వస్తే ముందు టేబుల్ ఇంజిన్ చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో 2010 చివర వచ్చిన 5.5 వెర్షన్ నుంచి ఇన్నోడీబీ డిఫాల్ట్ అయింది. అంతకు ముందు వేసిన టేబుళ్లు మైఐసామ్‌లో ఉంటే వాటికి ట్రాన్సాక్షన్లూ లేవు, ఫారిన్ కీలూ లేవు. మీరు రోల్‌బ్యాక్ అని ఎంత రాసినా వెనక్కి పోయేది ఏమీ ఉండదు.

అసలు పరీక్ష ఎడిట్ దగ్గరే

కొత్త బుకింగ్ సేవ్ చేయడం సులువు. మార్పులు చేసేటప్పుడే తడబడతారు. ఒక కేసు తీసుకుందాం. ఐదుగురి బుకింగ్. అమ్మ పేరులో అక్షరం తప్పు పడింది, దిద్దాలి. మామయ్య రావడం లేదు, తీసేయాలి. ఆయన బదులు పిన్ని వస్తోంది, చేర్చాలి. మిగతా ముగ్గురూ ఉన్నట్టే ఉంటారు.

ఫారం నుంచి సర్వర్‌కు వెళ్లాల్సింది ఇది: అమ్మ వరుసకు పాత ఐడీ, కొత్త పేరు. మామయ్య వరుసకు పాత ఐడీ, తీసేయమనే గుర్తు. పిన్ని వరుసకు ఐడీ లేదు, వివరాలే. మిగతా ముగ్గురికీ పాత ఐడీలు, పాత వివరాలు. ఐడీ ఉంటే దిద్దాలి, గుర్తు ఉంటే తీసేయాలి, ఐడీ లేకపోతే కొత్తది చేర్చాలి. మొత్తం తర్కం ఈ మూడు ముక్కలే. ఐడీ పోయేది హిడెన్ ఫీల్డ్‌లో.

రైల్స్‌లో స్ట్రాంగ్ పారామీటర్లలో ఈ ఐడీని అనుమతించడం మరచిపోవడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. అప్పుడు పాతవాళ్లు కూడా కొత్తవాళ్లుగా చేరతారు, సేవ్ నొక్కిన ప్రతిసారీ కుటుంబం రెట్టింపవుతుంది. జాంగోలో వేరే చిక్కు. జావాస్క్రిప్ట్‌తో కొత్త వరుస చేర్చినప్పుడు మేనేజ్‌మెంట్ ఫారంలోని టోటల్ ఫారమ్స్ సంఖ్యను కూడా పెంచాలి. పెంచకపోతే పిన్ని వరుస తెరమీద కనిపిస్తుంది, డేటాబేస్‌లో మాత్రం ఉండదు. ఎర్రర్ కూడా రాదు.

ఈ గొడవంతా ఎందుకని పాత వరుసలన్నీ తుడిచేసి మళ్లీ రాసేవాళ్లున్నారు. ఆ పాత ఐడీల మీద గది కేటాయింపు ఉంటుంది, చెకిన్ సమయం ఉంటుంది, రసీదు ఉంటుంది. తుడిచారంటే అవన్నీ తెగిపోతాయి. ఆ దారి వద్దు.

ఇంకొకటి భద్రతకు సంబంధించింది. హిడెన్ ఫీల్డ్‌లోని ఐడీని బ్రౌజర్లో ఎవరైనా మార్చగలరు. కాబట్టి యాత్రికుడిని నేరుగా ఐడీతో వెతకకండి. "ఈ బుకింగ్ కింద ఉన్నవాళ్లలో ఈ ఐడీ" అని వెతకండి. రైల్స్ నెస్టెడ్ ఆట్రిబ్యూట్స్ పరాయి ఐడీ వస్తే రికార్డు దొరకలేదని ఆపేస్తాయి. చేత్తో రాసుకున్న కోడ్‌లో ఆ కాపలా మీదే. ఆ బుకింగ్ లాగిన్ అయిన మనిషిదేనా అని చూడటం మాత్రం ఎక్కడైనా మీ పనే.

తప్పు ఏ వరుసలో ఉందో చెప్పండి

"వివరాలు సరిగా లేవు" అని ఎర్రగా పైన రాసి వదిలేస్తే ఐదుగురిలో ఎవరి వివరాలో తెలియక పెద్దవాళ్లు అవస్థ పడతారు. "3వ యాత్రికుడి వయసు నింపండి" అని ఆ గడి పక్కనే చెప్పండి. నింపిన మిగతావన్నీ అలాగే నిలిచి ఉండాలి. ఫోటోలు, కార్డుల ఫైళ్లు మాత్రం నిలవవు. ఫైల్ ఫీల్డును సర్వర్ మళ్లీ నింపడానికి బ్రౌజర్లు భద్రత కోసం ఒప్పుకోవు. అందుకని ఫైళ్లను విడిగా ముందే అప్‌లోడ్ చేయించుకోండి.

ఖాళీ వరుసలను పక్కన పెట్టడంలోనూ చిన్న మెలిక ఉంది. రైల్స్‌లో అన్ని గడులూ ఖాళీగా ఉంటేనే వరుసను వదిలేసే ఏర్పాటు ఉంది. కానీ లింగం డ్రాప్‌డౌన్‌లో ముందే ఒక విలువ ఎంచి పెట్టారంటే ఆ వరుస ఇక ఖాళీ కాదు. పేరు నింపలేదన్న ఎర్రర్, లేని మనిషి పేరు మీద వస్తుంది. డ్రాప్‌డౌన్‌ను "ఎంచుకోండి" అన్న ఖాళీ విలువతో మొదలుపెట్టండి.

పెద్ద బృందాలు వచ్చే రోజులు

తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాల చివరిరోజు పంచమీ తీర్థానికి ఊళ్లకు ఊళ్లే కదిలివస్తాయి. 150 మంది బృందం, ఒక్కొక్కరికి ఎనిమిది గడులు అనుకుంటే ఒక్క సబ్మిట్‌లో 1,200 ఫీల్డులు. పీహెచ్‌పీ డిఫాల్ట్ పరిమితి 1,000. దాటినవాటిని అది లాగ్‌లో హెచ్చరిక రాసి వదిలేస్తుంది. తెరమీద అంతా బాగానే ఉన్నట్టుంటుంది, చివరి పాతికమంది మాత్రం డేటాబేస్‌లోకి రారు. జాంగో పరిమితి కూడా 1,000 ఫీల్డులే, కానీ అది అభ్యర్థననే తిప్పికొడుతుంది. తిప్పికొట్టడమే నయం, కనీసం తెలుస్తుంది. పెద్ద బృందాలకు ఎక్సెల్ ఫైల్ అప్‌లోడ్ పెట్టండి, లేదా ఇరవై మంది చొప్పున సేవ్ చేసుకుంటూ పొమ్మనండి. అలా పోయేటప్పుడు చివరి విడత వచ్చి "పూర్తయింది" అని నొక్కేదాకా బుకింగ్‌ను డ్రాఫ్ట్‌గానే ఉంచండి.

అలాంటి రోజుల్లోనే చివరి గది కోసం ఇద్దరు ఒకేసారి నొక్కుతారు. ఖాళీ ఉందా అని చూడటం, బుక్ చేయడం ఒకే ట్రాన్సాక్షన్‌లో, ఆ గది వరుసకు తాళం వేసి చేయాలి. పేమెంట్ పేజీకి వెళ్లి వచ్చేదాకా మాత్రం ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచకండి. బుకింగ్‌ను పెండింగ్‌గా సేవ్ చేసి, గడువు సమయం రాసి, డబ్బు అందిందన్న కబురు రాగానే ఖాయం చేయండి. ఆ కబురు పేమెంట్ గేట్‌వే నుంచి రెండుసార్లు రావచ్చు. రెండోసారి వచ్చినా రెండో బుకింగ్ పడకూడదు.

అడిగినంతే దాచండి

గుర్తింపు వివరాలు చైల్డ్ టేబుల్లో చేరతాయి కాబట్టి ఒక్క లీకు జరిగితే కుటుంబం మొత్తం బయటపడుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. కౌంటర్‌లో కార్డు చూసి సరిపోల్చుకుంటే చాలనే చోట పూర్తి ఆధార్ నంబరు మీ దగ్గర ఉండనవసరం లేదు. ఏ కార్డో, చివరి నాలుగంకెలు ఏమిటో చాలు. మాస్క్‌డ్ ఆధార్‌లో కనిపించేవీ ఆ నాలుగే.

విదేశీయులు దిగితే లాడ్జివాళ్లు 24 గంటల్లో వాళ్ల వివరాలు అధికారులకు పంపాలి. అప్పుడు యాత్రికుడి కింద మళ్లీ పాస్‌పోర్టు, వీసా వివరాలు కావాలి. అంటే మూడో అంతస్తు. దాన్నీ అదే ఫారంలో ఇరికించకండి. బుకింగ్ పడ్డాక ఆ ఒక్క యాత్రికుడి కోసం వేరే పేజీ తెరవండి. ఒక ఫారంలో రెండు అంతస్తులు దాటితే రాసినవాడికే అర్థం కాకుండా పోతుంది.

రేటు చెప్పేటప్పుడు, ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు

"ఒక ఫారం" అని రేటు మాట్లాడుకోవద్దు. కొత్తగా చేర్చడం, మార్చడం, ఒక్కరిని తీసేయడం, మొత్తం రద్దు, డబ్బు వాపసు అని ఐదు పనులుగా రాసిచ్చి, ఒక్కోదానికి ఎంత సమయమో పక్కన పెట్టండి. కాగితం మీద లేనిది తర్వాత అడిగితే వేరే పని అని చెప్పే హక్కు మీకుంటుంది.

చెన్నై, బెంగళూరు ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు టూడూ లిస్ట్ ప్రాజెక్టులు పక్కన పెట్టి ఈ సత్రం బుకింగ్ ఫారం ఒక్కటి శ్రద్ధగా చేసి తీసుకెళ్లండి. నాలుగో యాత్రికుడి దగ్గర కావాలని ఎర్రర్ తెప్పించి, డేటాబేస్‌లో ఒక్క వరుస కూడా మిగల్లేదని చూపే టెస్ట్ రాయండి. పరాయి బుకింగ్ ఐడీ పంపే టెస్ట్, బటన్ రెండుసార్లు నొక్కే టెస్ట్ రాయండి. ఆ మూడు టెస్టులూ తెరిచి చూపించగలిగితే మీ అనుభవం ఎన్నేళ్లని అడిగేవాళ్లు తగ్గుతారు, ఎప్పుడు చేరతారని అడిగేవాళ్లు పెరుగుతారు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.