బలరాం ఆట, మనవడి దగ్గు

కంకిపాడు



తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో, ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. మన దేశపు ఫుట్‌బాల్‌లో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీల సరసన చెప్పుకునే మూడో పేరు ఆయనదే. ఎక్కువగా ఎడమ అంచున ఆడేవాడు, అవసరపడితే నడిమికి వచ్చి గోలూ కొట్టేవాడు. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసినవాటిని కుట్టించుకుని తొడిగేవాడని చెబుతారు.

ఆయన్ని పట్టుకున్నది సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా మొదలై హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకీ, ఆ తర్వాత దేశానికీ శిక్షకుడైన మనిషి. ఊరినుంచి మైదానానికి రావడానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేవని తెలిసి సైకిలు అద్దె తనే ఇచ్చాడట. రహీం సాబ్ పద్ధతులు విడ్డూరంగా ఉండేవి. వాటంలేని కాలితోనే ఆడాలని ఒక పోటీ పెట్టేవాడు. బంతిని ఒక్కడే తీసుకుపోకూడదు, పక్కవాడికి అందించాల్సిందేనని ఇంకో పోటీ. గంటసేపు పాసులే ఇప్పిస్తున్నాడని తన కోచ్ మీద మనవడు ఉత్తరంలో రాసిన ఫిర్యాదుకి ఇంతకంటే వేరే జవాబు అక్కర్లేదు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లిన జట్టులో బలరాం ఉన్నాడు. భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన జట్టు అంతకు మించి ఎప్పుడూ పోలేదు. మరుసటి ఏడాది ఆయన కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీతో 1-2తో ఓడిన మ్యాచ్‌లోనూ, పెరూతో 1-3తో ఓడిన మ్యాచ్‌లోనూ మన గోలు ఆయనదే. 1961లో ఆయన కెప్టెన్‌గా ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్ మీద గోలు కొట్టాడు. ఫైనల్లో స్టేడియమంతా మన జట్టుకి ఎదురు తిరిగి అరుస్తున్నా, దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. అదే ఏడాది అర్జున అవార్డు. తర్వాత బి.ఎన్.ఆర్. అనే రైల్వే జట్టుకి మారాడు. 1963లో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఆ జట్టుదే.

అక్కడితో ఆట అయిపోయింది. ఇరవయ్యేడేళ్లకే. కాలు విరిగి కాదు, కోచ్‌తో పడక కాదు. ప్లూరిసీ వచ్చింది.

ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ మధ్య రెండు పల్చటి పొరలుంటాయి. మామూలప్పుడు అవి ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి. వాటికి వాపు వస్తే ఊపిరి పీల్చినప్పుడల్లా ఒరుసుకుని పక్కలో పోటు పెడుతుంది. మధ్యలో నీరు చేరిందంటే ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోదు. మన దేశంలో దీనికి చాలాసార్లు క్షయే మూలం. మొదట్లో అది దగ్గులాగే ఉంటుంది, సాయంత్రాలు కాస్త ఒళ్లు వెచ్చబడుతుంది, అలిసిపోయి అనుకుంటారు. ఆటగాళ్లయితే మరీనూ. ఆయాసం వాళ్లకి రోజూ ఉండేదే కదా!

ఈ తాత పినతండ్రి కొడుకు ఒకడుండేవాడు. కబడ్డీలో వాడి కూత ఆగేది కాదు. అవతలి గీతదాకా పోయి, నలుగురిని అంటి, నవ్వుతూ వెనక్కి వచ్చేవాడు.   ఒక సంక్రాంతికి వాడి కూత గీత దాటకముందే తెగింది. కుడి చెయ్యి పక్కటెముకల మీద అదిమిపెట్టి, గాలిని కాస్త కాస్త తాగుతున్నట్టు పీలుస్తూ నిలబడిపోయాడు. అంతకు ముందు దసరా నుంచీ దగ్గుతూనే ఉన్నాడు. ఇంట్లో శొంఠి కషాయం, ఉప్పుమూట కాపడం, నలుగురి సలహాలూ. చివరికి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పంపారు. బతికి వచ్చాడు, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. కబడ్డీ బరిలోకి మాత్రం మళ్లీ దిగలేదు.

ఇప్పుడు మనవడు కూడా నెలనుంచీ దగ్గుతున్నాడు, అయినా ఒక్క సాయంత్రం కూడా ఆట మానలేదు అని బందరు రోడ్డు బస్సులో వాడి స్నేహితుడి తండ్రి చెప్పాడు. ఉత్తరంలో గోల్సూ పాసులూ రాసిన పిల్లవాడు దగ్గు సంగతి ఒక్క ముక్క రాయలేదు. కోపమేమీ లేదు నాయనా. చిన్నప్పుడు జ్వరం వస్తే తాత పంచె కొంగు పట్టుకుని పడుకున్నవాడివి, అడక్కుండానే చెబుతావనుకున్నాం.

బలరాంని పైకి తెచ్చిన రహీం సాబ్ కూడా అదే 1963లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. జకార్తా బంగారం వచ్చి ఏడాది కూడా కాలేదు. బలరాం ఆ తర్వాత రైల్వే ఉద్యోగంలో ఉండి, హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడ్డాడు. తోటివాళ్లు చునీ, బెనర్జీలిద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఆయనకి రాలేదు. ఆ బాధ చివరిదాకా దాచుకోలేదు. దాచుకోవాల్సిన పని కూడా లేదు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో 86 ఏళ్ల వయసులో పోయాడు. రహీం మీద తీసిన ‘మైదాన్’ సినిమా మరుసటి ఏడాది వచ్చింది.

దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాలని ప్రభుత్వమే చెబుతోంది. పెద్దాసుపత్రిలో ఉచితం. ఒకవేళ ఏదైనా బయటపడినా మందులూ ఉచితమే, సాధారణంగా 6 నెలల కోర్సు. కాస్త తగ్గింది కదా అని మధ్యలో ఆపకూడదు. పొద్దున లేవగానే వచ్చే కళ్లె ఇవ్వాలి, ఉమ్మి కాదు. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే అంటే అదీ తీయించుకోవాలి. ఫలితం వచ్చేదాకా మ్యాచ్‌లు వద్దు, కోచ్‌కి ఈ ఉత్తరం చూపించినా సరే. హాస్టల్లో పక్క మంచం కుర్రాడికి కూడా దగ్గుంటే తోడు తీసుకెళ్లు. బామ్మ మిరియాల పొడి పంపుతోంది. వేడి అన్నంలో నెయ్యితో కలుపుకు తిను, పరీక్షకి మాత్రం అది బదులు కాదు.

ఇట్లు,
తాత