ధ్రువసముద్రపు అతిశీతలజలము

నందిగామ, జగ్గయ్యపేటలలో కుల్ఫీ చేయువారు మంచుగడ్డలలో ఉప్పు కలుపుట విద్యార్థులెల్ల రెఱిగినదే. ఉప్పునీరు సున్న డిగ్రీలకడ గడ్డకట్టదు. సముద్రజలమునకు సున్నకు దిగువ సుమారు 1.9 డిగ్రీలు రావలెను. లోతున ఒత్తిడివలన ఈ హద్దు ప్రతి 1000 మీటర్లకు దాదాపు ముప్పాతిక డిగ్రీ యింకను దిగును.

దక్షిణధ్రువఖండమున 2012లో నెలకొన్న మన భారతి కేంద్రమున్న ప్రిడ్జ్ అఖాతముననే అమెరీ మంచుఫలకము తేలుచున్నది. లోతున దాని యడుగు కరగగా, ఆ నీరు తేలికయై పైకెక్కును. ఒత్తిడి తగ్గుటచే, గడ్డకట్టవలసిన చలిలో నుండియు గడ్డకట్టక కొంత తడవు నిలుచును, ఇదియే అతిశీతలజలము. అందు రేకులవంటి మంచుపలుకులు పుట్టి, ఫలకపు అడుగున నంటి, కొన్నిచోట్ల 100 మీటర్లకు మించి పేరుకొన్నవి. సముద్రము ఒకచోట కొఱికి, వేఱొకచోట మాసిక వేయుచున్నది! ఆ మాసిక పగుళ్లను పూడ్చును. ఫలకము వెనుకనున్న నేలమంచును జాఱనీయక నిలుపును. ఫలకము సడలినచో మన దివిసీమ తీరమునను నీటిమట్టము పెరుగును.